లిమిట్ పెంచుతమని ఫోనొచ్చిందా? జెర ఆగుర్రి

నేను ఉండేది ఉప్పల్ల, పని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల. ఊరు జనగామ దిక్కు. శనివారం డ్యూటీ దిగినంక ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ వరంగల్ బస్సెక్కి ఇంటికి పోత. ఉప్పల్ల, హబ్సిగూడల, మల్లాపూర్ల రూములు తీస్కొని ఉండేటోళ్లల్ల మస్తుమంది నా అసొంటోళ్లే. జీతం అకౌంట్ తెరిచి ఆర్నెల్లు కాకముందే చేతుల క్రెడిట్ కార్డు పెడ్తరు. నాకూ గట్లనే వచ్చింది. లిమిట్ 40 వేలు.

నిరుడు మా అమ్మకు పిత్తాశయంల రాళ్లున్నయ్, ఆపరేషన్ చెయ్యాలన్నరు. దవఖానల ముందుగాల 60 వేలు కట్టుమన్నరు. కార్డుల ఉన్నదంతా గీకినా సరిపోలే. మిగిలినయి మా సూపర్‌వైజర్ కాడ చేబదులు తెచ్చిన. ఆ దినమే అనుకున్న, ఎట్లన్నజేసి లిమిట్ పెంచుకోవాలని. దాంట్ల నాకు ఎర్కైన సంగతులు, గదే లిమిట్ పేరు మీద మా లైన్ల పనిచేసే తమ్ముడు పోగొట్టుకున్న పైసల ముచ్చట, రెండూ చెప్త.

బ్యాంకు యాప్‌ల కార్డుల కాడికి పోతే లిమిట్ పెంపు అని ఉంటది. మూడు నెలల పే స్లిప్పులు పెట్టిన. రెండు దినాలల్ల నామంజూరు అని మెసేజ్ వచ్చింది. నాకు కోపమొచ్చింది. ఒక్క నెల గూడ బాకీ పెట్టలే, పూరా కడ్తున్న, ఇంకేం గావాలె వీళ్లకు? బ్రాంచికి పోయి అడిగితే అక్కడి మేడం ఒక్క మాట చెప్పింది: "మీరు నెలనెలా 40 వేలల్ల 36, 37 వేలు వాడుతున్నరు."

పూరా వాడి పూరా కడితే మంచి గిరాకీ అనుకుంటరని నా లెక్క. వాళ్ల లెక్క వేరే. లిమిట్ అంచుల దాకా వాడేటోడు పైసలకు కటకటతోని ఉన్నడని వాళ్లకు అనిపిస్తది. మామూలుగ లిమిట్‌ల 30 శాతం లోపల వాడితే మంచిదంటరు. 40 వేల కార్డుకు అంటే 12 వేలు. మా అసొంటోళ్లకు అది అయ్యేదేనా? కాదు. గందుకే నేనొక ఉపాయం పట్టిన. బిల్లు తయారయ్యే తారీఖుకు రెండు మూడు దినాల ముందే సగానికి ఎక్కువ కట్టుడు మొదలువెట్టిన. సిబిల్ అసొంటి కంపెనీలకు మామూలుగ పోయేది బిల్లుల పడ్డ లెక్కనే గదా. 300 నుంచి 900 దాకా ఉండే ఆ స్కోరు, దాని పూరా రిపోర్టు, ఒక్కో కంపెనీ కాడ ఏడాదికోపారి ఫ్రీగ చూసుకోవచ్చు. నామంజూరు అయిందని నాలుగు బ్యాంకులల్ల ఒక్కపారే కొత్త కార్డులకు అప్లై చేస్తే మాత్రం, అడిగిన ప్రతిపారి ఆ రిపోర్టుల ఎక్కుతది, స్కోరు ఇంకా దిగుతది. ఏడు నెలలు గట్ల నడిపించిన. అప్పుడు బ్యాంకే యాప్‌ల ఆఫర్ చూపిచ్చింది, 80 వేలకు పెంచుకుంటరా అని. ఒప్పుకున్న.

ఇక్కడ ఒక రూలు ఎర్కుండాలె. 2022 ఏప్రిల్‌ల రిజర్వ్ బ్యాంకు కార్డుల మీద పెద్ద ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం మనం ఒప్పుకోనిది బ్యాంకు దానంతటది లిమిట్ పెంచొద్దు. అంటే బ్యాంకు నిజంగనే మనల్ని అడుగుతది. దొంగలకు సందు దొరికింది గిక్కడనే.

నా దరఖాస్తు నామంజూరైన మూడో దినం నాకూ ఒక ఫోనొచ్చింది. "సార్, మీ లిమిట్ రిక్వెస్ట్ పెండింగ్‌ల ఉన్నది." నా సంగతి వీనికెట్ల ఎర్కని సగం నమ్మిన. వెనకసిరి సమజయింది, వానికేం ఎర్కలేదు. కార్డున్నోళ్లు వంద మందికి ఫోన్ చేస్తే లిమిట్ పెరిగితే బాగుండు అనుకునేటోళ్లు ఎంతమంది దొరుకరు? ఓటీపీ చెప్పుమన్నడు. మెసేజ్ తెరిస్తే దాంట్ల ఒక దుకాణం పేరు, 38 వేల చిల్లర ఖర్చు అని ఉన్నది. లిమిట్ పెంచుతానికి దుకాణం పేరెందుకు? ఫోన్ పెట్టేసిన.

తమ్మునికి గా మెసేజ్ చదివే మోక గూడ దొరకలే. వాని పేరు, కార్డు చివరి నాలుగు నంబర్లు వాళ్లే చెప్పిన్రు. వాట్సాప్‌ల బ్యాంకు బొమ్మతోని ఒక యాప్ ఫైలు పంపిన్రు. ఇన్‌స్టాల్ చేసిండు, మెసేజ్‌లు చూస్తానికి పర్మిషన్ ఇచ్చిండు, కార్డు నంబరు, సీవీవీ కొట్టిండు. ఇగ ఓటీపీ అడిగే అక్కెరే లేదు, ఆ యాపే చదువుకుంటది. మూడు దెబ్బలల్ల 46 వేలు పోయినయ్.

పైసలు పోయినందుకన్న, వాడు తెల్లారేదాకా ఎవలికీ చెప్పనందుకు నాకు ఎక్కువ బాధ. సిగ్గైందట. గా రాత్రే 1930కి కొడితే, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బంద్ చేపిస్తే, పైసలు దొంగల అకౌంట్ల నుంచి చేతికి పోకముందే కొన్నన్న ఆగుతుండే. ఆ నంబరుతోని పాటు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల గూడ ఫిర్యాదు పెట్టొచ్చు.

బ్యాంకు వాళ్లేమో, నువ్వే వివరాలిచ్చినవ్ అన్నరు. రూలు గట్లనే ఉన్నది. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పేదేందంటే, మన తప్పు లేక, బ్యాంకు తప్పు గూడ కాక, నడుమల ఎక్కడనో లీకై పైసలు పోతే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాలల్ల చెప్తే మన మీద ఒక్క రూపాయి పడదు. నాలుగు నుంచి ఏడు దినాలల్ల చెప్తే, 5 లక్షల లోపల లిమిట్ ఉన్న కార్డుకు మన మీద పడేది ఎక్కువల ఎక్కువ 10 వేలు. మనమే వివరాలిస్తే మాత్రం, చెప్పేదాకా పోయిందంతా మనదే. చెప్పినంక పోయేది బ్యాంకుది. ఎంత జెప్పన చెప్తే అంత మేలు అనేది గందుకే. బ్యాంకు 30 దినాలల్ల జవాబియ్యకున్నా, ఇచ్చిన జవాబు నచ్చకున్నా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

లిమిట్ పెరిగిందంటే దొంగకు దొరికే మూట గూడ పెరిగినట్టే. గిది ఎవలూ చెప్పరు. కానీ పూరా లిమిట్‌ను తెరిచి పెట్టాల్సిన పని లేదు. 2020ల వచ్చిన రూలుతోని, ఆన్‌లైన్, విదేశం, మిషన్ మీద ఆనిచ్చి కట్టుడు, ఒక్కోదాన్ని మనమే యాప్‌ల బంద్ పెట్టుకోవచ్చు, దేనికెంత అని హద్దు గూడ పెట్టుకోవచ్చు. నా లిమిట్ 80 వేలు, ఆన్‌లైన్ హద్దు 5 వేలు. విదేశం బంద్. పెద్దది కొనేదుంటే అప్పటిమందం పెంచి, పనైనంక దించుత. రెండు నిమిషాల పని. తమ్ముడు గీ హద్దు పెట్టుకుంటే 46 వేలు ఒక్క రాత్రిల పోకపోవు.

ఫోన్ల సంగతి గూడ చెప్త. బ్యాంకులు ఖాతా పని మీద చేసే ఫోన్లకు 1600తోని మొదలయ్యే నంబర్లు, అమ్మకాల ఫోన్లకు 140తోని మొదలయ్యేవి వాడాలని 2025 జనవరిల రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మామూలు పదంకెల నంబరు నుంచి లిమిట్ ముచ్చటొస్తే పెట్టేసి, కార్డు వెనుకున్న నంబరుకు మనమే కొట్టాలె. గూగుల్‌ల వెతికి దొరికిన నంబరుకు కాదు, అక్కడ గూడ దొంగ నంబర్లు ఉంటయ్.

ఇగ లిమిట్ పెరిగినంక నా బుద్ధి గూడ జెర గాడి తప్పింది, ఒప్పుకుంట. రెండో నెలనే కొత్త ఫోన్ కొన్న, 2 వేల చిల్లర కనీస మొత్తం కట్టి ఊకున్న. 38 వేల బాకీ మీద నెలకు మూడున్నర శాతం మిత్తి, అంటే 1,330 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. పైంగ బాకీ పూరా తీరేదాకా కొత్తగ గీకిన దానికి గూడ గా దినం నుంచే మిత్తి. రెండు నెలలల్ల తేరుకున్న.

తమ్ముడు 46 వేలను పన్నెండు కిస్తులల్ల పెట్టించుకున్నడు. ఈ నెలతోని ఆరోది. నాచారం చౌరస్తల చాయ్ తాగుకుంట మొన్న వాని ఫోన్ నాకిచ్చి, "అన్నా, ఆన్‌లైన్ హద్దు ఎక్కడుంటదో జెర చూపియ్యవా" అన్నడు.