ఉగ్గుగిన్నెలో ఏముంది?

కొల్లేటి గట్టున ఒక ఇల్లు. దీపాలు పెట్టే వేళ. రెండు నెలల చంటిది కాళ్లు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది.

"కడుపు ఉబ్బిందే. కాస్త వస అరగదియ్యి" అంది అత్త.

"ఏ నీళ్లతో అత్తయ్యా?" అంది కోడలు.

"చెరువు నీళ్లే. మీ ఆయనకీ అవే పోశాను."

వస కొమ్ము, వాము, ఇంగువ, కరక్కాయ ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ పచారీ కొట్లలో దొరుకుతాయి. వీటిని సానరాయి మీద అరగదీసి, ఉగ్గుగిన్నెలో తల్లిపాలతో కలిపి పోసేవారు. ఆముదమూ పోసేవారు. వస పోస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. ఎక్కువగా మాట్లాడేవాళ్లను వసపిట్ట అంటాం కదా!

చంటిది ఎందుకు ఏడుస్తుంది? పాలతోపాటు గాలి మింగుతుంది. భుజాన వేసుకుని వీపు నిమిరితే త్రేన్పు వస్తుంది. ఈ సాయంత్రపు ఏడుపు చాలామంది పిల్లలకు మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. ఈలోగా ఏ మందు పోస్తే ఆ మందుకే పేరు!

వసలో విషగుణం కూడా ఉంది. అమెరికాలో 1968లోనే దాన్ని తినే వస్తువుల్లో కలపకూడదన్నారు. ఆముదం విరేచనాలు పట్టిస్తుంది. ఇంగువ కూడా పసిబిడ్డ చేత మింగించకూడదు. వాము మాత్రం తల్లి అన్నంలో కలుపుకు తినొచ్చు.

ఇక నీళ్ల సంగతి. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట్లో కలుస్తాయి. ఊళ్ల మురుగూ, చేపల చెరువుల నీరూ అక్కడికే చేరతాయి. అలాంటి నీళ్లు సానరాయి మీద నాలుగు చుక్కలు పడినా బిడ్డకు విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలి. ఎండాకాలంలో కూడా మంచినీళ్లు అక్కర్లేదు.

విరేచనాలు పట్టుకుంటే పాలు మానకూడదు. ఆశా కార్యకర్తను ఓఆర్ఎస్ పొట్లం, జింకు బిళ్లలు అడగాలి. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పూర్తిగా కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. జింకు 14 రోజులు వెయ్యాలి. బిడ్డ మాడు గుంటపడినా, పాలు తాగకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, పచ్చగా కక్కినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ రాత్రి అత్త మనవరాలిని భుజాన వేసుకుని వాకిట్లో తిరిగింది. ఉగ్గుగిన్నెను తోమి అటక మీద పెట్టింది. ఆరో నెల నిండాక మెత్తటి పప్పన్నం అందులోనే పెడుతుందట.