నెత్తుటి కావలివారు, నీటి తూములు

నీటి విలువ యెట్టిదో కర్నూలు, కడప మండలముల రైతు నడిగిన చెప్పగలడు. సుంకేసుల కడ తుంగభద్రను వీడి నంద్యాల సీమ మీదుగా కడప వరకు ఇంచుమించు 300 కిలోమీటర్లు సాగెడి కె.సి. కాలువను 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఆ కాలువ క్రింది సేద్యగాండ్రు తరతరములుగా నేర్చిన పాఠ మొకటి గలదు. కాలువలో నీరుండుట వేరు. మడిలోనికి నీరు పారుట వేరు. ఏ తూము, ఏ వేళ, ఎంతమేర తెరచిరన్న దానిపై పంట యాధారపడి యుండును. మన దేహమునందును ఇట్టి తూములు కలవనియు, వ్యాధిక్రిములతో పోరాడు తెల్లకణముల నడక కొంతవరకు వానిపై ఆధారపడి యున్నదనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ విషయము మన పాఠకుల కంతగా పరిచితము గాదు గనుక నిచ్చట వివరింప నెంచితిమి.

దుక్కి వేళ రైతు కాలిలో తుమ్మముల్లు విరుగుట మన సీమలో వింత గాదు. మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబారి, వాచి, సలుపు పెట్టును; రెండు మూడు దినములలో చీము పట్టును. చీమును జూచి మనము రోతపడుదుము. కాని యందు పెక్కుభాగము మనకొఱకు పోరాడి మడిసిన తెల్లకణములే. అవి ముల్లు గ్రుచ్చుకొన్న చోట పుట్టినవి కావు. ఎముకల మూలుగలో జన్మించి, రక్తముతో తిరుగుచు, అపాయసూచన యందినంతనే రక్తనాళపు గోడ సందున దూరి వెలికివచ్చి, మాంసపు పొరల నడుమ ప్రాకుచు అచ్చటికి చేరినవి. వానికి కాళ్లు లేవు. ఈదుటకు తోకయు లేదు. మఱి యెట్లు నడచినవి?

ఈ కణముల సంచారమును లోకమునకు చూపినదియు నొక ముల్లే యగుట విశేషము. నాటి రష్యా సామ్రాజ్యమున జన్మించిన ఇల్యా మెచ్నికాఫ్ 1882లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమున, గాజువలె పారదర్శకమైన సముద్రనక్షత్రపు పిల్లజీవి దేహములో గులాబిముండ్లను గ్రుచ్చి యుంచెను. రాత్రి గడచి చూడగా ముల్లు చుట్టును సంచారకణములు మూగియుండెను. దేహరక్షణకై తిరుగాడు కణములు గలవను సిద్ధాంత మచ్చటినుండి బలపడెను. 1908లో పాల్ ఎర్లిక్‌తో బాటు ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడెను. కణములు వచ్చుట తెలిసినది గాని, వచ్చు విధము పూర్తిగా తెలియుటకు నూరేండ్లును చాలలేదు.

ప్రతి కణము చుట్టును క్రొవ్వుతో నేర్పడిన పలుచని పొర గలదు. నీరు ఈ పొరను మెల్లగా దాటునని పూర్వులెఱిగిరి. అయితే ఎఱ్ఱకణములలోనికి నీరు చొచ్చు వేగమున కా కారణము చాలదని కొందఱు సంశయించుచుండిరి. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమందు పీటర్ ఆగ్రే రక్తపు ఆర్.హెచ్. వర్గమును పరిశోధించుచు, తానెదురుచూడని మాంసకృత్తు నొకదానిని కనుగొని 1988లో ప్రకటించెను. 1992లో ఆయన బృందమువారు ఆ మాంసకృత్తు కప్పగ్రుడ్లలో తయారగునట్లు చేసి, వానిని లవణము తక్కువైన నీటిలో నుంచిరి. కొన్ని నిమిషములలో అవి ఉబ్బి పగిలెను. మామూలు గ్రుడ్లు చెక్కుచెదరలేదు. వెదకుచున్న తూము దొరకెను. దానికే ఆక్వాపోరిన్ అని పేరు. 2003లో రోడెరిక్ మెకినన్‌తో గూడ ఆగ్రేకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. నడుమ సన్నగిలిన ఆ దారిలో నీటి అణువులు ఒంటివరుసను నడచును. ఒక్క తూము గుండ సెకనునకు సుమారు 300 కోట్ల అణువులు దాటగలవు. మానవదేహమున నిట్టి తూములు 13 రకములు.

ఎండలో కష్టించువానికి ఈ తూములు చేయు మేలును తలచిచూడుడు. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడియగట్టును. అందు వెలుపలికి పోవునది ఒకటి రెండు లీటర్లు మాత్రమే. దాహము హెచ్చినపుడు మెదడునుండి వాసోప్రెసిన్ అను సందేశద్రవ్యము విడుదలయై, మూత్రపిండపు నాళికలలో రెండవ సంఖ్య ఆక్వాపోరిన్లను లోపలినుండి పొరమీదికి రప్పించును. నీరు మరల రక్తమున గలియును. కరవునాడు లష్కరు వంతు చూచి తూ మెత్తుటయు నిట్టిదే గదా!

ఇక తెల్లకణపు నడక మాట. వీనిలో న్యూట్రోఫిల్ అను జాతి ముందుగా రణరంగమున దూకును. అది నిమిషమునకు సుమారు 10 మైక్రోమీటర్లు ప్రాకును. అనగా ఒక్క మిల్లీమీటరు దాటుటకు గంటన్నరకు మించి పట్టును. నడకవేళ కణము ముందువైపున పొరను నాలుకవలె చాచి, వెనుక భాగమును లాగికొనును. లోపల ఆక్టిన్ అను సన్నని నారలు పెరిగి పొరను ముందునకు నెట్టునని చాలకాలమునుండి తెలియును. కాని నారకొన పొర కానుకొనియుండగా క్రొత్తనార చేరుటకు చోటెక్కడిది? ముందంచున నున్న తూముల గుండ నీరు లోనికి జొచ్చి, ఆ చోటును ఉబ్బించి, పొరను నారలనుండి కొంచెము ఎడము చేయుననియు, ఆ యెడములో నారలు పెరిగి గట్టు కట్టుననియు పరిశోధకుల యూహ. 2002లో స్వీడను దేశపు లింకోపింగు విశ్వవిద్యాలయమువారు న్యూట్రోఫిల్ ముందంచున తొమ్మిదవ సంఖ్య ఆక్వాపోరిన్ నిలిచియుండుటను చూపి, తూములను మూసెడి పాదరసలవణము తగిలినపుడు ఆ కణముల నడక కుంటువడునని ప్రకటించిరి. 2005లో మఱియొక బృందమువారు మొదటి సంఖ్య ఆక్వాపోరిన్ లేని ఎలుకలలో రక్తనాళపు కణములు మందముగా నడచునని నిరూపించిరి. తూములు నీటిని ఈడ్చునవి కావు. లవణముల హెచ్చుతగ్గులే నీటిని కదలించును. తూము దారి నిచ్చునంతే.

అయితే నీరొక్కటే సర్వమును చేయుననుట సాహసము. 2012లో వెలువడిన యొక పరిశోధనలో, టి-కణములు పిలుపు నందుకొని కదలుటకు మూడవ సంఖ్య ఆక్వాపోరిన్ అవసరమని తేలెను. అచ్చట ముఖ్యముగా దాటినది నీరు గాదు, హైడ్రోజన్ పెరాక్సైడు. ఆ ద్రవ్యము లోనికి జొచ్చి, నడకకు కావలసిన సంకేతమును రగుల్కొలుపును. ఒకే తూము గుండ నీరును, నీటితో గలసిన సారమును పారునట్లే యిదియు నని గ్రహింపవలెను.

కావలివారే తూమును పగలగొట్టు దురవస్థయు నొకటి గలదు. మెదడు, వెన్నుపాములలోని నక్షత్రాకార కణములమీద నాలుగవ సంఖ్య ఆక్వాపోరిన్ మెండుగా నుండును. న్యూరోమైలైటిస్ ఆప్టికా అను వ్యాధిలో దేహరక్షణ వ్యవస్థయే దానిని శత్రువుగా భ్రమించి దాడిచేయును. దృష్టి పోవచ్చును, కాళ్లు పడిపోవచ్చును. 2004లో ఈ వ్యాధిని గుర్తించు ప్రతికాయమును, 2005లో దాని గుఱియైన ఆక్వాపోరిన్‌ను కనుగొనిరి. నేడు రక్తపరీక్షచే దీనిని తెలిసికొనవచ్చును. ఆలస్యము చేసిన నష్టము తీరనిది. కనుక ఉన్నట్టుండి కంటిచూపు మందగించినను, కాళ్లు తిమ్మిరెక్కి బలము తప్పినను గాలిసోకినదని తాయెత్తులు కట్టక, వెంటనే వైద్యుని జేరవలెను.

ఇందుండి మనము గ్రహింపవలసినదేమి? నీరు బిందెలకొలది త్రాగిన తెల్లకణములు పరుగెత్తునని చెప్పువారు గలరు. అట్టి మాటలకు శాస్త్రాధారము లేదు. దాహమునకు తగినంత త్రాగుటయే మేలు. తూములను మూయుటకు ప్రయోగశాలలో వాడిన పాదరసలవణము విషము. అది మందు గాదు. తెల్లకణముల నడకను మార్చుటకై ఈ తూములపై పనిచేయు మందు నేటికిని సామాన్యచికిత్సలోనికి రాలేదు. మధుమేహము గలవారిలో తెల్లకణములు సరిగ నడువజాలవు. కాలి గాయము ముదిరి, కాలే తీయవలసివచ్చు నిర్భాగ్యులు పెక్కుమంది. అట్టివారు ముల్లు గ్రుచ్చుకొన్న దినముననే దానిని తీయించి, శుభ్రపఱచి, ధనుర్వాతపు సూదిమందు వేయించుకొనుట కర్తవ్యము. చెప్పులు తొడిగి పొలమునకు బోవుట అన్నిటికంటె చవుకైన చికిత్స.

1957లో కర్నూలున వైద్యకళాశాల వెలసెను. 2006లో కడపయందు యోగివేమన విశ్వవిద్యాలయము నెలకొనెను. పొలమున తూము మర్మ మెఱిగిన రైతుబిడ్డలకు దేహములోని తూముల మర్మము దుర్గ్రాహ్యము గాదు. తెలుగున వినిపించువారు లేకుండుటయే లోపము. ఆ లోపమును తీర్చు భారము చదువుకొన్న వారందఱిదియు. కాలువను త్రవ్వి, పిల్లకాలువలు త్రవ్వక విడిచిన మడి తడియునా?