వంశమున దాగిన జన్యువు

1968వ సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమునందు లియొనోర్ వెక్స్‌లర్ అను గృహిణి ఒక ఉదయమున వీధి దాటుచుండగా, ఆమె నడక తడబాటును జూచి ఒక పోలీసు, ప్రొద్దుటనే త్రాగి తిరుగుటకు సిగ్గులేదా యని గద్దించెను. ఆమె మద్యమంటినది కాదు. వైద్యులు పరీక్షించి హంటింగ్‌టన్ వ్యాధి యని నిర్ణయించిరి. ఆమె తండ్రియు, ముగ్గురు సోదరులును ఆ వ్యాధికే బలియైరి. అయినను అది పురుషులకే వచ్చునను అపోహ ఆ యింట నుండెను. ఆమెకు ఆలిస్, నాన్సీ అను నిరువురు కొమార్తెలు. తండ్రి మిల్టన్ వారిని పిలిచి ఏమియు దాచక చెప్పెను: మీలో ప్రతి యొక్కరికిని ఇది వచ్చుటకు సగము, రాకుండుటకు సగము పాలు కలదని.

మన యిండ్లలో సంబంధము చూచునపుడు ఇట్టి సంగతులు దాచుటే మర్యాద యని తలచుచుందుము. ఆ తండ్రి చెప్పుటయే మర్యాద యనుకొనెను. ఆయన యందు మాకు గౌరవము కలుగుచున్నది.

ఈ వ్యాధి మెదడులోని కొన్ని కణములను క్రమముగ నశింపజేయును. మొదట చిరాకు, మతిమరుపు, వ్రేళ్లలో చిన్న కదలిక కనిపించును. పిదప దేహము వశముదప్పి నర్తించునట్లు ఊగుచుండును. మాట ముద్దగును, మ్రింగుట దుర్భరమగును. ఇట్లు 15, 20 ఏండ్లు గడచి మరణము వచ్చును. 1872లో దీనిని వర్ణించిన జార్జి హంటింగ్‌టన్ వైద్యుల యింట పుట్టినవాడు. ఆతని తండ్రియు తాతయు ఆ రోగుల కుటుంబములనే తరతరములుగ చూచియుండిరి. దీని క్రౌర్యమంతయు ఇది బయటపడు వయస్సులో నున్నది. సాధారణముగ 30 మొదలు 50 ఏండ్లలోపున పొడసూపును. అప్పటికి రోగికి బిడ్డలు కలిగియుందురు.

ఒకే జన్యువు దీనికి మూలమని చాలకాలము క్రిందటనే తెలిసినది, అది యెచ్చట నున్నదో మాత్రము తెలియలేదు. మన కణములలోని 23 జతల క్రోమోజోములు దాదాపు 300 కోట్ల అక్షరముల గ్రంథమువంటివి. అందు తప్పుపడిన చోటును వెదకుట యెట్లు? సోదరీమణులారా, ఒక యింటి నగలను మూటలు గట్టి తరతరమునకును పంచుచున్నారనుకొనుడు. పంచునపుడెల్ల మూటలు విప్పి కొంత అటునిటు మార్చి మరల కట్టుదురు. దూరముగ నున్న నగలు విడిపోవును. ఒకే మూలనున్న ముక్కుపుడకయు కమ్మలును మాత్రము తరచు కలిసియే పోవును. అట్లే డీఎన్ఏలో మనుష్యునకు మనుష్యునకు భేదించు గుర్తులు కలవు. వ్యాధిగలవారికెల్ల ఏ గుర్తు తోడుగ వచ్చుచున్నదో కనిపెట్టినచో, వ్యాధిజన్యువు దాని దాపుననే యున్నదని తేలును. ఇందులకు మిక్కిలి పెద్ద కుటుంబము కావలయును.

అట్టి కుటుంబము వెనెజులా దేశమున దొరకినది. మారకైబో సరస్సు తీరమునందలి పేద బెస్తపల్లెలలో ఈ వ్యాధి విపరీతముగ నున్నట్లు 1950 దశాబ్దిలో అమెరికో నెగ్రెట్టె అను వైద్యుడు గుర్తించెను. అచటివారు దీనిని 'ఎల్ మాల్', అనగా 'ఆ కీడు', అందురు. మనస్తత్వశాస్త్రము చదివిన నాన్సీ 1979లో మొదటిసారి యచటికి పోయి, 1981 నుండి ఏటేట పోవుచు, 10 తరములకు చెందిన 18,000 మందికి పైగా జనులతో వంశవృక్షము నిర్మించినది. అది 19వ శతాబ్ది ఆదికాలపు ఒకానొక స్త్రీ వరకు పోయినది. పరదేశీయులకు రక్తమిచ్చుటకు పల్లెవాసులు జంకిరి. నాన్సీ తన తల్లికిని ఇదే వ్యాధి యని చెప్పి, తానును పరిశోధనకు చర్మపు ముక్క యిచ్చినందుకు చేతిపై మిగిలిన మచ్చను చూపినది. అటుపిమ్మట వారు చేతులు చాచిరి.

ఆ రక్తము బోస్టన్ నగరమున మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పనిచేయు జేమ్స్ గుసెల్లా అను యువ శాస్త్రజ్ఞునికి చేరెను. మనుష్యుని డీఎన్ఏ ముక్కలను బాక్టీరియా జీవులలో ప్రవేశపెట్టి పెంచుట ఆయన విద్య. చెంచెడు తోడు కుండెడు పాలను పెరుగుగ మార్చునట్లు, ఆ జీవులు పెరుగుకొలది తమలోని ముక్కకును లెక్కలేని ప్రతులు చేయును. దీనినే క్లోనింగు అందురు. అట్టి ముక్కల నొక్కొక్కటిగ తీసికొని, రోగులందును ఆరోగ్యవంతులందును పోల్చి చూచెను. వందలకొలది ముక్కలు వెదకవలసి వచ్చునని యందరును తలచిరి. మొదటి డజనులోనే గుర్తు దొరకెను! 1983లో ఆ జన్యువు నాలుగవ క్రోమోజోముపై నున్నట్లు ప్రకటించిరి. తోటివారు ఆయనను 'అదృష్టవంతుడగు జిమ్' అని పిలిచిరట.

వీధి తెలిసినది కాని, ఇల్లు తెలియుటకు మరి పదేండ్లు పట్టెను. ఆరు పరిశోధకబృందములు, 58 మంది, కలిసి పనిచేసి 1993లో జన్యువును పట్టిరి. తాటియాకు గ్రంథము వ్రాయు వ్రాయసగాడు ఏమరి ఒకే మాటను పలుమారులు వ్రాసినట్లు, అందు 'సీఏజీ' అను మూడక్షరముల ముక్క మితిమీరి పునరుక్తమైయున్నది. 26 వరకు నున్నచో హాని లేదు. 40, అంతకు మించి యున్నచో, ఆయుర్దాయము చాలినంతవరకు బ్రతికినవారికి వ్యాధి తప్పదు. నడుమనున్న 36 మొదలు 39 వరకు కొందరికి వచ్చును, కొందరికి రాదు. ఒక విశేషము: ఈ సంఖ్య తరమునుండి తరమునకు పెరుగుట తల్లి వలనకంటె తండ్రి వలన సంక్రమించినపుడే హెచ్చు. బిడ్డకు జబ్బు చేసినచో తల్లి పుట్టినింటిని తప్పుపట్టువారికి ఈ సంగతి వినిపింపదగును.

ఇప్పుడు ఒక్క రక్తపుచుక్కతో సంఖ్య తెలియును. వ్యాధిని కుదుర్చు మందు మాత్రము ఇంకను లేదు. కావున తల్లికో తండ్రికో వ్యాధియున్న వారిలో పెక్కుమంది పరీక్ష చేయించుకొనుటకే యొప్పుకొనకున్నారు. పరీక్షిత్తు ఏడు దినములలో మృత్యువని తెలిసి గంగాతీరమున కూర్చుండి భాగవతము వినెను. సావిత్రి యొక యేడు ఆ యెరుకను గుండెలో దాచుకొని అత్తమామలకు పరిచర్య చేసెను. వారికి దినము తెలిసినది. ఈ పరీక్ష దినము చెప్పదు, ఏడు చెప్పదు, వచ్చుననియే చెప్పును. ఇరువది యేండ్ల పిల్ల దానితో ఎట్లు బ్రతుకవలయును? తెలియగోరువారిని ధీరులనియు, వలదనువారిని పిరికివారనియు ఎంచుట మాకు సమ్మతము కాదు. పెండ్లి, బిడ్డలు అను ఆలోచన గలవారికి తెలిసికొనుట మేలు కావచ్చును. అయినను ఆ నిర్ణయము ఆ మనిషిదే; అత్తవారిది కాదు, వైద్యునిది కాదు.

లియొనోర్ 1978లో, ఆ దేశమున మాతృదినముగ జరుపు నాడే, మరణించెను. నాన్సీ తన విషయము చాలకాలము లోకమునకు చెప్పలేదు. 2020లో తనకును ఆ వ్యాధి వచ్చినదని తానే వెల్లడించినది. అప్పటికి ఆమెకు 74 ఏండ్లు.

జన్యువును పట్టియిచ్చిన రక్తము మారకైబో తీరవాసులది. వారి పల్లెలలో దారిద్ర్యము నేటికిని తీరలేదు. రోగుల కొరకు 1999లో అచట తెరచిన శరణాలయము, 'కాసా ఓగార్', కొన్నేండ్లు నడచి మూతపడెను.