విష్ యూ వర్ హియర్: పక్కన లేని మనిషి కోసం ఒక ఆల్బమ్

"రాక్ మ్యూజిక్ ఎక్కణ్ణుంచి వినడం మొదలుపెట్టాలి?" అని నన్ను తరచూ అడుగుతుంటారు. దానికి సరైన జవాబు నా దగ్గర లేదు. నేనెక్కడ మొదలుపెట్టానో మాత్రం చెప్పగలను. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ "విష్ యూ వర్ హియర్". 1975 సెప్టెంబరులో వచ్చింది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

నాకు ఇది ఇచ్చింది హాస్టల్లో నా రూమ్మేట్. క్యాసెట్టు. ఒరిజినల్ కూడా కాదు, ఎవరి దగ్గరో రికార్డు చేయించుకున్నది. మొదటిసారి విన్నప్పుడు టేపు పాడైందేమో అనుకున్నాను. ఎందుకంటే ఎనిమిది నిమిషాలు దాటినా ఎవరూ పాడరు! పల్లవి, చరణం, అయిదు నిమిషాల్లో పాట అయిపోవడం అలవాటైన చెవులు కదా మనవి. ఇక్కడేమో ఒక స్వరం పొగమంచులా అలా నిలబడి ఉంటుంది. అందులో గాజు గ్లాసుల మోత కూడా ఉంది. మన జలతరంగంలో కప్పుల్ని పుల్లలతో కొడతారు. వీళ్ళు వైన్ గ్లాసుల అంచుని తడివేలితో రుద్దారు. అంతకుముందు ఇంట్లో సామాన్లతోనే ఒక ఆల్బమ్ చేద్దామని మొదలుపెట్టి వదిలేశారు, అందులో మిగిలిన ముక్క అది.

ఆ తర్వాత గిటారు మీద నాలుగే నాలుగు స్వరాలు వస్తాయి. డేవిడ్ గిల్మోర్ వాయించినవి. అవి రోజర్ వాటర్స్‌ని పట్టుకున్నాయి. వాటి చుట్టూ అల్లుకున్న పాటే "షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్". మొత్తం తొమ్మిది భాగాలు, దాదాపు 26 నిమిషాలు. సగం ఆల్బమ్ మొదట్లో, సగం చివర్లో పెట్టారు. పాట ఎవరి గురించంటే సిడ్ బారెట్ గురించి.

సిడ్ ఎవరో చెప్పకపోతే ఈ ఆల్బమ్ అర్థం కాదండీ. బ్యాండుకి ఆ పేరు పెట్టింది అతనే. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు అతనివే. తర్వాత మత్తుమందులు, మానసిక స్థితి, రెండూ కలిసి మనిషి చెయ్యిజారిపోయాడు. స్టేజి మీద నిలబడి వాయించకుండా ఉండిపోయేవాడు. 1968 మొదట్లో ఒకరోజు ప్రోగ్రాముకి కారులో వెళ్తూ, దారిలో సిడ్‌ని ఎక్కించుకోవాలా అనే మాట వచ్చింది. వద్దులే అనుకున్నారు. అంతే. పెద్ద గొడవేం జరగలేదు, ఎవరూ తలుపు మూసెయ్యలేదు. కారు ఆగలేదు, అంతే.

పూర్తిగా వదిలేశారని కాదు. 1970లో వచ్చిన అతని రెండు సోలో ఆల్బమ్‌లు పూర్తిచేయడానికి సాయపడింది వీళ్ళే. ఆ తర్వాత దూరమైపోయారు.

ఇక 1975 జూన్ 5. లండన్లో ఆబీ రోడ్ స్టూడియో. ఈ ఆల్బమ్ పని నడుస్తోంది. లావుగా, గుండు చేయించుకుని, కనుబొమ్మలు కూడా గీసేసుకున్న ఒకాయన లోపలికొచ్చాడు. ఎవరో స్టాఫ్ అనుకున్నారు. కాసేపటికి గానీ తెలియలేదు, అతనే సిడ్ అని. ఎవరి కోసం పాట చేస్తున్నారో ఆ మనిషి ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయారు!

చాలాకాలం నేనీ సంగతి భలే కథలా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పబుద్ధి కావడం లేదు. నా రూమ్మేట్ రెండో సంవత్సరం మధ్యలో చదువు మానేసి ఇంటికెళ్ళిపోయాడు. ఏదో ఆరోగ్యం బాలేదన్నారు, మేమెవరం గట్టిగా అడగలేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను, రాయలేదు. ఆ క్యాసెట్టు ఇంకా నా బీరువాలోనే ఉంది.

మధ్యలో రెండు పాటలు, "వెల్‌కమ్ టు ది మెషిన్", "హ్యావ్ ఎ సిగార్", మ్యూజిక్ వ్యాపారం మీద కోపం. రెండోది పాడింది బ్యాండువాళ్ళు కాదు, రాయ్ హార్పర్. నిజం చెప్పాలంటే ఈ రెండూ నాకు కాస్త తక్కువే. అట్టమీద బొమ్మ మాత్రం వీటికి సరిగ్గా అతుకుతుంది. ఇద్దరు కరచాలనం చేసుకుంటుంటారు, ఒకాయన ఒంటికి మంటలు. ట్రిక్కు కాదండోయ్, స్టంట్‌మ్యాన్‌కి నిజంగానే నిప్పంటించి తీశారు. గాలి ఎదురు తిరిగి పాపం మీసం కాలింది.

టైటిల్ పాట రేడియో స్టేషన్లు మారుస్తున్న చప్పుడుతో మొదలవుతుంది. అది గిల్మోర్ కారు రేడియోనే. ఆ రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా ఒక గిటారు, దాని పక్కనే కూర్చుని జత కలిపినట్టు ఇంకో గిటారు. మధ్యలో ఎవరో దగ్గుతారు కూడా. దూరంగా ఉన్నవాడితో కలిసి వాయిస్తున్నట్టే ఉంటుంది. కొత్తగా వినేవాళ్ళు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టండి, 26 నిమిషాల పాట తర్వాత చూసుకోవచ్చు.

సిడ్ తర్వాత కేంబ్రిడ్జిలో బొమ్మలేసుకుంటూ, తోటపని చేసుకుంటూ గడిపి 2006లో పోయాడు. కీబోర్డు రిచర్డ్ రైట్ 2008లో పోయాడు.

ఒక్కమాట. ఆల్బమ్ చివర సంగీతం సన్నబడిపోతున్నప్పుడు ఆపేయకండి. ఆఖరి క్షణాల్లో రైట్ కీబోర్డు మీద సిడ్ పాత పాట "సీ ఎమిలీ ప్లే" బాణీ చిన్న ముక్క వాయిస్తాడు. సౌండు పెంచితేనే వినిపిస్తుంది. మా క్యాసెట్టులో అది లేదు. టేపు అక్కడికి సరిపోలేదు.

వచ్చేవారం కలుద్దాం.