వీణ మైకు మూగబోయిందా?

వీణ నాదం మృదువు. పక్కన మృదంగం మోగితే వెనక వరుసల వాళ్లకు వినబడదు. అందుకే చాలామంది కాంటాక్ట్ మైకు అంటిస్తున్నారు. తీరా కచేరీ వేళకు అది మొరాయిస్తే, అమ్మాయి నెలల తరబడి చేసిన సాధన ఎవరి చెవినా పడదు!

చాలా మైకుల్లో ఉండేది చిన్న పీజో బిళ్ల. ఇత్తడి రేకు, దానిమీద తెల్లటి పింగాణీ పొర. అదిరితే కరెంటు పుడుతుంది. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన ఈ గుణంతోనే మన గ్యాస్ లైటర్ నిప్పురవ్వ రాల్చేది!

శబ్దం రాకపోతే ముందు వేరే కేబుల్ పెట్టి చూడండి. ఫలితం లేకపోతే, మైకును యాంప్లిఫయర్ నుంచి తీసేసి బిళ్ల దగ్గర అతుకులు చూడండి. కేబుల్ లోపలి తీగ తెల్లటి భాగానికి, చుట్టూ ఉండే అల్లిక తీగ ఇత్తడి అంచుకు అతకాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. సోల్డరింగ్ ఐరన్ అలా ఆనించి ఇలా తీసేయాలి. వేడెక్కితే బిళ్ల పాడవుతుంది. ‘బుయ్’మని హోరు వస్తోందా? అల్లిక తీగ ఊడిందేమో చూడండి. తర్వాత గుర్రం దగ్గర, కుండ పైచెక్కకు గట్టిగా అంటించండి. వదులుగా ఉంటే నాదం పీలగా వస్తుంది.

వీణ నేర్చుకునే పిల్లకు శ్రుతి చేసుకోవడం నేర్పిస్తాం కదా! ఈ అతుకు వేయడమూ నేర్పిస్తే, వేదిక ఎక్కే ముందు మెకానిక్ కోసం ఎదురుచూసే పనుండదు.