డిమెన్షియా: ఇంట్లో చూసుకునేవారికి నాలుగు మాటలు

అన్నం తిన్న కాసేపటికే పెద్దవారు "నాకు అన్నం పెట్టలేదు" అంటే చాదస్తం అనుకుంటాం. అది డిమెన్షియా కావచ్చు. మెదడు కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు ఇది. అందులో ఎవరి తప్పూ లేదు. బి12 లోపం, థైరాయిడ్, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు రావచ్చు కాబట్టి ముందు జీపీకి చూపించాలి.

జబ్బు ముదిరితే తరవాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందే జారిపోయి, తెలుగే మిగలవచ్చు. అందుకే నీళ్లు, నొప్పి, ఆకలి వంటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కేర్ సిబ్బందికి ఇద్దాం.

సాయంత్రం "మన ఇంటికి పోదాం" అని పట్టుబడితే "ఇదే మన ఇల్లు" అని వాదించవద్దు. ఊరి కబుర్లు అడుగుదాం, వత్తులు చేసే పని చేతికిద్దాం.

ఈ మెళకువలు నేర్చుకోవచ్చు. టాస్మేనియా విశ్వవిద్యాలయంలోని వికింగ్ సెంటర్ ఆన్‌లైన్ కోర్సు ఉచితం. నేషనల్ డిమెన్షియా హెల్ప్‌లైన్ 1800 100 500 రోజుకు 24 గంటలూ పలుకుతుంది. తెలుగు దుభాషి కావాలంటే 131 450కి చేయండి. చూసుకునేవారికి విరామం కావాలంటే కేరర్ గేట్‌వే 1800 422 737.

భారమంతా ఒక్క కోడలి మీదో, కూతురి మీదో వేయకుండా అందరం పంచుకుందాం. పెద్దవారిని దాచిపెట్టకుండా గుడికి తీసుకురండి.