పది తలల వెనక రెండు పిన్నులు

ఆస్కార్ బొమ్మ నిలబడింది ఒక ఫిల్ము రీలు మీద. ఆ రీలుకు అయిదు ఆకులు. నటులు, దర్శకులు, నిర్మాతలు, రచయితలు, సాంకేతికులు అంటూ అకాడమీ తొలినాటి అయిదు శాఖలకు అవి గుర్తులు. చివరి ఆకును జనం పెద్దగా పట్టించుకోరు గానీ, 1929లో బహుమతులు మొదలైన రెండేళ్లకే యంత్రాలకూ పద్ధతులకూ విడిగా శాస్త్ర సాంకేతిక పురస్కారాలు వచ్చి చేరాయి. 1953 మార్చి 19న, ఈ వేడుకను మొదటిసారి టెలివిజన్‌లో చూపించిన రాత్రి, జార్జ్ ఆల్ఫ్రెడ్ మిచెల్ అనే ఇంజనీరు తన పేరుతోనే చెలామణీ అవుతున్న కెమెరాకు గౌరవ ఆస్కార్ అందుకున్నాడు. ఆ కెమెరాకు అది దక్కవలసిందే. అయితే యంత్రం పుట్టుక కర్మాగారంలో పూర్తయిపోతుందని అనుకునే చోటే ఇలాంటి బహుమతుల లెక్క తప్పుతుంది. అందుకు రుజువు హాలీవుడ్ కంటే మన పౌరాణికాల్లో బాగా దొరుకుతుంది.

ముందు యంత్రం సంగతి. సినిమా కెమెరాలో ఫిల్ము ఎడతెగకుండా పారదు. కుట్టుమిషన్లో గుడ్డలాగా జరిగి ఆగుతుంది, మళ్లీ జరిగి ఆగుతుంది. సెకనుకు 24 సార్లు. ఆగినప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఒకే చోట ఆగాలి. మిచెల్‌లో కొక్కేలు ఫిల్మును కిందికి లాగి వదిలేయగానే, రెండు రిజిస్ట్రేషన్ పిన్నులు అంచుల చిల్లుల్లోకి దూరి దాన్ని బిగించి పడతాయి. షట్టర్ అప్పుడు తెరుచుకుంటుంది. ఇంత పట్టుదల దేనికంటే, 22 మిల్లీమీటర్ల వెడల్పున్న బొమ్మను ఆరున్నర మీటర్ల తెర మీదికి సాగదీస్తే దాదాపు మూడు వందల రెట్లు పెరుగుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు అదురు తెర మీద మూడు మిల్లీమీటర్ల వణుకవుతుంది. మామూలు షాట్‌లో ఇది కంటికి ఆనకపోవచ్చు. అదే ఫిల్మును వెనక్కి చుట్టి రెండోసారి బొమ్మ తీస్తే మాత్రం, ఒక సగం నిలకడగా ఉండి రెండో సగం పక్కనే వణుకుతుంటుంది. గుట్టు బయటపడిపోతుంది.

పిన్నులు మిచెల్ సొంత ఊహ కాదు. 1912 నాటి బెల్ అండ్ హోవెల్ లోహపు కెమెరాలోనే అవి ఉన్నాయి, నిలకడలో దానికి పేరూ ఉంది, కాకపోతే చప్పుడెక్కువ. మిచెల్ కెమెరాకు మూల నమూనా గీసింది కూడా మిచెల్ కాదు, జాన్ లెనార్డ్. కటకాన్ని కదపకుండా కెమెరా పెట్టెను పక్కకు జరిపి, కటకం చూపించే బొమ్మనే కంటితో సరిచూసుకునే ఏర్పాటు అతనిదే. 1919లో హెన్రీ బోగర్‌తో కలిసి కంపెనీ పెట్టిన మిచెల్ దాన్ని సన్నని పనితనంతో తయారు చేసి, టాకీల కాలానికి చప్పుడు తగ్గించి, ముప్పై ఏళ్లపాటు మెరుగులు దిద్దాడు. అకాడమీ రూపకల్పనకూ అభివృద్ధికీ కలిపి మిచెల్ ఒక్కడి పేరే చెప్పింది. లెనార్డ్ పేరు కెమెరా చరిత్ర రాసేవాళ్లకే మిగిలింది.

ఇక రావణాసురుడి దగ్గరికి వద్దాం. ఎన్.టి.రామారావు తొలిసారి దర్శకత్వం వహించిన ‘సీతారామ కళ్యాణం’ 1961 జనవరి 6న విడుదలైంది. అందులో రావణుడి పది తలలను ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ అట్ట తలలతో సరిపెట్టలేదు. ఫ్రేమును పది భాగాలుగా మాస్క్ చేసి, ఒక భాగం తెరిచి తొమ్మిది మూసి, ఒక తల తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, తరువాతి భాగం తెరిచాడు. రావణుడి వేషంలో రామారావు ఒళ్లు కదలకుండా గంటల తరబడి నిలబడ్డారని చెబుతారు. ఫిల్ము కడిగేదాకా ఏం పడిందో చూసే దారి లేదు. పదో తల దగ్గర పొరపాటు జరిగితే ముందరి తొమ్మిదీ బూడిదలో పోసినట్టే. రిజిస్ట్రేషన్ పిన్నులు లేని కెమెరాతో ఇది తలపెట్టడం కూడా దండగ.

ఇదేం కొత్త, తొలినాటి ఫ్రెంచి దర్శకుడు మెలియే 1898లోనే తన తలను తీసి బల్ల మీద పెట్టి నాలుగు తలలు చేయలేదా అని అడగవచ్చు. చేశాడు. 1921లో హాస్యనటుడు బస్టర్ కీటన్ సినిమా ‘ది ప్లేహౌస్’ కోసం కెమెరామన్ ఎల్గిన్ లెస్లీ చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఒకే ఫ్రేములో తొమ్మిదిమంది కీటన్లను నిలబెట్టాడు, అదీ నిజమే. కానీ లెస్లీ కీటన్లు విడివిడిగా, ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. నగాయిచ్ తలలు ఒకే మెడ నుంచి మొలిచినట్టు పక్కపక్కన అతుక్కోవాలి. అతుకు దగ్గరే కన్ను తప్పు పడుతుంది. పైగా విడివిడిగా తీసిన బొమ్మలను ఒకే ఫిల్ము మీదికి చేర్చే లిన్‌వుడ్ డన్ ఆప్టికల్ ప్రింటర్‌కు 1944 సంవత్సరానికే అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. డబ్బున్న హాలీవుడ్ ముక్కలు వేరువేరుగా తీసి, ఆ ప్రమాదాన్ని ల్యాబులోకి నెట్టేసింది. నగాయిచ్ దాన్ని కెమెరా లోపలే భరించాడు.

వాడినవాడు కనిపెట్టినవాడు ఎలా అవుతాడన్నది అంతకంటే గట్టి అభ్యంతరం. ప్రతి కెమెరామన్‌నూ ఆవిష్కర్త అనమని నేననడం లేదు. తయారు చేసినవాడి అంచనాకు అందని పనిని యంత్రంతో చేయించి, దాని నిలకడ ఎంతవరకు తట్టుకుంటుందో తేల్చిచెప్పినవాడి మాటే ఇది. అలాంటివాడి పనిని తీసేస్తే, ఆ పిన్నుల విలువ కొలతల కాగితం మీదే ఉండిపోతుంది. మన వైపు లెక్క మరీ అన్యాయం. సీతారామ కళ్యాణానికి జాతీయ పురస్కారాల్లో యోగ్యతా పత్రం వచ్చింది, సినిమాకు. పది తలలకు కాదు. నంది పురస్కారాలు అప్పటికి లేనే లేవు, అవి మొదలైంది 1964లో.

డిజిటల్ కెమెరాలో కదిలే ఫిల్మే లేదు గనుక పిన్నుల అవసరమూ పోయింది. పది తలలు ఇప్పుడు కంప్యూటర్‌లో అతుకుతారు. ఆ అతికే పనికి ఇంటింటి పేరైన ఫోటోషాప్ సాఫ్ట్‌వేర్‌కు 2019లో అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది, థామస్ నోల్, జాన్ నోల్ అన్నదమ్ములకు. వారిలో జాన్ సినిమాల్లో విజువల్ ఎఫెక్ట్స్ చేసే మనిషి. ఆ పనికి అప్పటికే వేరే ఆస్కార్ కూడా అందుకున్నవాడు.